మనవారు, పరాయివారు: పక్షపాతము పుట్టు తీరు

రద్దీగా ఉన్న పాసింజరు రైలు ఒక చిన్న స్టేషనులో ఆగును. పెట్టెలోనివారు తలుపునకు అడ్డముగా నిలిచి, "లోపల చోటు లేదు, వెనుక పెట్టెకు పొండి" అని కేకలు వేయుదురు. క్రిందనున్నవారు బ్రతిమాలియో, తగవులాడియో ఎట్లో ఎక్కుదురు. రైలు కదలిన పావుగంటకు అందరును సర్దుకొని కూర్చుందురు. వేరుసెనగకాయలు పంచుకొనుటయు కద్దు. ఇంతలో మరియొక స్టేషను వచ్చును. ఈసారి తలుపు కడ నిలిచి "చోటు లేదు" అని అందరికంటె బిగ్గరగా అరచువాడు చాల సార్లు ఇంతకు ముందు స్టేషనులో ఎక్కినవాడే!

ఈ అరగంటలో అతని కులము మారలేదు, భాష మారలేదు, మతము మారలేదు. మారినది "మనము" అను మాటకు గల హద్దు ఒక్కటియే. ఇంత తేలికగా హద్దు మారగలిగినచో, ఆ హద్దునకు ఇవతలివారిపై ప్రీతియు, అవతలివారిపై అనుమానమును మనకు ఎట్లు కలుగుచున్నవి? పాత పగలు, ఆస్తి తగాదాలు, మతద్వేషములు లేనిచోట కూడ ఇవి పుట్టునా? ఈ ప్రశ్నను ప్రయోగశాలకు తెచ్చి పరీక్షించినవారిలో ఇద్దరిని గూర్చి ముఖ్యముగా చెప్పుకొనవలెను. ఇద్దరును ఈ విషయమును పుస్తకములలో చదివి తెలిసికొన్నవారు కారు.

మొదటివాడు ముజాఫర్ షెరీఫ్. 1906లో టర్కీదేశమున, ఇజ్మీరు నగరమునకు సమీపముననున్న ఒక పట్టణమున జన్మించెను. 1919లో గ్రీకు సైన్యము ఇజ్మీరులో దిగినప్పుడు జరిగిన హత్యలను ఆ బాలుడు కన్నులార చూచెను. తరువాత అమెరికాలో స్థిరపడి, ఒక్లహామా విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, 1954 వేసవిలో ఒక విచిత్రమైన ప్రయోగము జరిపెను. ఆ రాష్ట్రములోని రాబర్స్ కేవ్ అను కొండ ప్రాంతమున బాలుర వేసవి శిబిరమొకటి ఏర్పాటు చేసిరి. దానికి 22 మంది బాలురను ఎంపిక చేసిరి. అందరికిని ఇంచుమించు పదకొండేండ్లు. అందరును తెల్లవారు, ప్రొటెస్టంటు క్రైస్తవులు, మధ్యతరగతి కుటుంబములవారు, చదువులో చక్కగా ఉన్నవారు. ఒకరి కొకరు ముందు పరిచయము లేనివారు. తగవునకు బయటి కారణము ఏదియు ఉండరాదని ఇంత జాగ్రత్త. శిబిరమును నడుపువారందరును పరిశోధకులే. షెరీఫ్ తాను పనివానివలె తిరుగుచు అంతయు గమనించుచుండెను.

బాలురను రెండు జట్లుగా చేసి వేరువేరు బస్సులలో తీసికొనివచ్చిరి. తొలి వారమంతయు ఒక జట్టు ఉన్నట్లు రెండవ జట్టునకు తెలియదు. ఎవరికి వారు వంట చేసికొనుట, ఈదుట, బరువులు మోయుట మొదలగు పనులలో కలసిమెలసిపోయిరి. ఒక జట్టు తనకు "రాట్లర్స్" అనియు, రెండవది "ఈగిల్స్" అనియు పేర్లు పెట్టుకొనినవి. రాట్లరు అనగా తోక ఆడించి గలగల ధ్వని చేయు పాము, ఈగిలు గ్రద్ద. పామునకు గ్రద్దకు గల సంబంధము మన పిల్లలకు చెప్పనక్కరలేదు గదా! ఆ పేర్లు మాత్రము పిల్లలు తమంత తామే పెట్టుకొన్నవి.

రెండవ వారమున బేస్‌బాలు, తాడులాగుడు మున్నగు పోటీలు పెట్టిరి. గెలిచిన జట్టులోని ప్రతి బాలునికి ఒక పతకమును, నాలుగు అలుగుల చాకును బహుమానము. ఓడినవారికి ఏమియు లేదు. మొదటి రోజున ఆటలో మెచ్చుకోలు మాటలు వినవచ్చెను గాని, త్వరలోనే అవి తిట్లుగా మారెను. ఒక జట్టు రెండవదాని జెండాను తగులబెట్టెను. రెండవ జట్టు రాత్రివేళ మొదటివారి గదులపై పడి, మంచములు తలక్రిందులు చేసి, సామాను చిందరవందర చేసెను. మేజోళ్ళలో రాళ్ళు నింపుకొని యుద్ధమునకు సిద్ధపడుటయు జరిగెను. పెద్దలు అడ్డుపడవలసివచ్చెను.

ఇంతవరకు చూచి, "పోటీ పెట్టినచో కొట్లాట రాదా?" అని చదువరులు అనవచ్చును. నాకు ఇందులో ఎక్కువ ఆసక్తి కలిగించినది ఈ కొట్లాట కాదు, చిక్కుడుగింజల పరీక్ష. ఇసుకలో గింజలు చల్లి, నిమిషము కాలములో ఏరుమని రెండు జట్లకును పోటీ పెట్టిరి. తరువాత ఒక్కొక్క బాలుడు ఏరిన గింజలు ఇవియే అని చెప్పి, తెరమీద క్షణకాలము బొమ్మ చూపి, "ఎన్ని ఉన్నవో అంచనా వేయుడు" అనిరి. నిజమునకు ప్రతిసారి చూపినవి అవే 35 గింజలు. కాని తమ జట్టువాడు ఏరినవని చెప్పినప్పుడు బాలురకు ఎక్కువగాను, ఎదుటి జట్టువాడు ఏరినవన్నప్పుడు తక్కువగాను కనబడెను. ఇక్కడ ఎవరును బుద్ధిపూర్వకముగా అబద్ధమాడుటకు అవసరము లేదు. పక్షపాతము తీర్పులోనే కాక, దానికి ముందే, లెక్కలోనే ప్రవేశించినది.

ఇది పిల్లల చపలత్వమని త్రోసివేయుటకు వీలు లేదు. 1951 నవంబరులో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ అను రెండు అమెరికా కళాశాలల మధ్య ఒక ఫుట్‌బాలు పోటీ జరిగెను. ఆట మొరటుగా సాగి, ఇరుప్రక్కల ఎముకలు విరిగినవి. హాస్టార్ఫ్, కాంట్రిల్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞులు ఆ ఆట ఫిల్మును రెండు కళాశాలల విద్యార్థులకును చూపి, నియమములు ఎవరెన్నిసార్లు ఉల్లంఘించిరో గుర్తింపుమనిరి. డార్ట్‌మత్ విద్యార్థులకు ఇరుజట్ల తప్పులును సమానముగా, సగటున నాలుగేసి చొప్పున కనబడెను. అదే ఫిల్ములో ప్రిన్స్‌టన్ విద్యార్థులకు డార్ట్‌మత్ జట్టు తప్పులు 9.8, తమ జట్టు తప్పులు 4.2గా కనబడెను. చూచినది ఒకే ఫిల్ము, చూచినవారు చదువుకొన్న యువకులు. క్రికెట్టు పోటీలో ఎల్బీడబ్ల్యు తీర్పు వచ్చినప్పుడు మన ఇండ్లలో వినవచ్చు వ్యాఖ్యానములను తలచుకొనినచో ఈ అంకెలు ఆశ్చర్యము కలిగింపవు.

షెరీఫ్ చెప్పిన కారణము సులభమైనది. ఒకరికి దక్కినచో మరియొకరికి దక్కని వస్తువు ఉన్నప్పుడు వైరము పుట్టును. ఇది చాలవరకు నిజము. కృష్ణానది నీటి తగాదానే చూడుడు. 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునలు నూటికి 75 ఏండ్లు నమ్మకముగా లభించు నీటిని 2,060 శతకోటి ఘనపుటడుగులుగా లెక్కగట్టి, మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, నాటి ఆంధ్రప్రదేశ్‌కు 800 చొప్పున పంచెను. 2014లో రాష్ట్రము రెండైన తరువాత ఆ 800 లోని వాటాలు మరల వివాదమైనవి. ఇక్కడ నీరు నిజముగా పరిమితము. పొలములు నిజముగా ఎండును. ఇట్టి తగాదాను మనసు కల్పించిన భ్రమ అనుట తెలివితక్కువ. కాని వస్తువు కొరత లేనిచోట కూడ పక్షపాతము పుట్టుచున్నదా అను ప్రశ్న మిగిలియే ఉన్నది. దానిని తేల్చినవాడు రెండవ శాస్త్రజ్ఞుడు.

హెన్రీ టాజ్‌ఫెల్ 1919లో పోలెండులో ఒక యూదు కుటుంబమున పుట్టెను. ఫ్రాన్సుకు పోయి రసాయనశాస్త్రము చదువుచుండగా యుద్ధము వచ్చినది. ఫ్రెంచి సైన్యమున చేరి, 1940లో జర్మనులకు చిక్కి, అయిదేండ్లు యుద్ధఖైదీగా ఉండెను. జర్మనులు అతనిని ఫ్రెంచివాడనుకొనిరి గాని పోలెండు యూదుడని ఎరుగరు. అందువలననే బ్రతికెను. అతని స్వభావము, తెలివి, మర్యాద ఎట్టివైనను, అతడు ఏ గుంపులోనివాడని తేలునో దానిమీదనే అతని ప్రాణము ఆధారపడినది. యుద్ధానంతరము తిరిగి వచ్చి చూడగా, అతని కుటుంబమువారిలోను మిత్రులలోను ఇంచుమించు ఎవరును మిగులలేదు. రసాయనశాస్త్రము విడిచి, ఇంగ్లండుకు పోయి మనస్తత్త్వశాస్త్రము చదివి, బ్రిస్టలు విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను.

ఒక గుంపుగా ఏర్పడుటకు అత్యల్పముగా ఏమి కావలెను అని టాజ్‌ఫెల్ ప్రశ్నించుకొనెను. పరిచయము, స్నేహము, పోటీ, లాభము, పాత పగ, వీనిలో దేనిని తీసివేసినచో పక్షపాతము మాయమగునో చూడవలెనని అతని ఊహ. అందుచేత మొదట అన్నింటిని తీసివేసి, ఒక్కొక్కటిగా చేర్చవలెనని తలపెట్టెను. బ్రిస్టలులోని ఒక పాఠశాల నుండి 14, 15 ఏండ్ల బాలురు 64 మందిని పిలిపించి, తెరమీద చుక్కల గుంపులు క్షణకాలము చూపి, ఎన్ని చుక్కలో అంచనా వేయుమనెను. తరువాత, "మీలో కొందరు ఎక్కువగా, కొందరు తక్కువగా అంచనా వేసిరి" అని చెప్పి రెండు గుంపులుగా విడదీసెను. నిజమునకు విభజన చీట్లు వేసినట్లు జరిగినదే. చుక్కలతో దానికి పొత్తు లేదు. మరియొక ప్రయోగమున పాల్ క్లే, కాండిన్‌స్కీ అను చిత్రకారుల బొమ్మలు చూపి, ఎవరి బొమ్మలు నచ్చినవో దానిని బట్టి విడదీసినట్లు నమ్మించిరి.

పిమ్మట ఒక్కొక్కరిని విడిగా కూర్చుండబెట్టి, ఇతర బాలురకు చిన్న చిన్న మొత్తములు పంచుమనిరి. ఎవరికి ఇచ్చుచున్నాడో పేరు తెలియదు. అంకెయు, గుంపు పేరును మాత్రమే తెలియును. తనకు తాను ఇచ్చుకొనుటకు వీలు లేదు. గుంపులోనివా రొకరితో నొకరు మాటలాడలేదు, ముందు కలిసి పని చేయబోవునదియు లేదు. ఇంతకంటె బోలు గుంపును ఊహించుట కష్టము.

అయినను బాలురు తమ గుంపువానికి ఎక్కువ ఇచ్చిరి.

ఇందులో ఒక పట్టికను కాస్త నిదానముగా చూడవలెను. పంచువాని ముందు పదమూడు జంటల అంకెలు ఉంచిరి. ప్రతి జంటలో మొదటిది తన గుంపువానికి, రెండవది ఎదుటి గుంపువానికి. ఎడమ కొసన 7, 1. తరువాత 8, 3. ఆపైన 9, 5. ఇట్లు మొదటి అంకె ఒకటి చొప్పున, రెండవ అంకె రెండు చొప్పున పెరుగుచుపోయి, నడుమ 13, 13 అగును; కుడి కొసన 19, 25. వీనిలో ఒక్క జంటను మాత్రమే ఎంచుకొనవలెను. తన గుంపువానికి మేలు చేయుటయే ఉద్దేశమైనచో కుడి కొసను ఎంచుకొనవలెను. 7 కంటె 19 ఎక్కువ గదా! ప్రయోగము చేయు ఆచార్యుల వద్దనుండి వీలైనంత సొమ్ము రాబట్టుట ఉద్దేశమైనను ఆ కొసయే మేలు. న్యాయము ముఖ్యమైనచో నడుమ నిలువవలెను. కాని ఎంపికలు ఎడమవైపునకు మొగ్గినవి. అనగా, ఎదుటివానికంటె మనవానికి ఎక్కువ రావలెనను కోరికతో మనవాని సొంత రాబడినే తగ్గించుకొనుటకు బాలురు సిద్ధపడిరన్నమాట. ఎంత వచ్చినదను ప్రశ్నను, వారికంటె ఎంత ఎక్కువ వచ్చినదను ప్రశ్న మ్రింగివేసినది. అయితే అందరును కొసకు పోలేదు. న్యాయబుద్ధియు పనిచేయుచునే ఉండెను. ఆ రెండింటి లాగుడులో సగటు ఎంపిక నడిమికి కొంచెము ఎడమగా నిలిచెను.

పైన చెప్పిన నీటి తగాదావంటివానిలో ఈ పట్టిక ఒక ఉపకరణముగా పనికివచ్చునని నా అభిప్రాయము. వాదించువాడు కుడి కొసను అడుగుచున్నాడా, ఎడమ కొసనా? మన కాలువకు నీరెంత కావలెనను లెక్కను పట్టుకొన్నాడా, లేక ఎదుటివానికి చేరునది చూచి బాధపడుచున్నాడా? మొదటిదానిని ఇంజనీర్లు, న్యాయమూర్తులు తేల్చగలరు. రెండవదానికి ఎన్ని శతకోటి ఘనపుటడుగులును చాలవు.

టాజ్‌ఫెల్ మొదట ఖాళీగా పెట్టదలచిన పాత్ర ఇట్లు ఖాళీగా ఉండలేదు. విమర్శకులు ఊరుకొనలేదు. "ఒకే చిత్రకారుడు నచ్చినవారము కావున మన స్వభావము లొకటి అని బాలురు తలచిరేమో" అనిరి. 1973లో మైకేల్ బిల్లిగ్‌తో కలసి టాజ్‌ఫెల్ ఈ మాటను పరీక్షించెను. మీ విభజన కేవలము యాదృచ్ఛికము, దానికి అర్థము లేదు అని పిల్లలకు ముందే స్పష్టముగా చెప్పిరి. పక్షపాతము తగ్గెను గాని పోలేదు.

ఈ ఫలితమును నేను తరగతిలో చెప్పినప్పుడు విద్యార్థులు నవ్వుదురు, నమ్మరు. అప్పుడు వారి సెక్షన్ల సంగతి జ్ఞాపకము చేయుదును. ఇంటర్మీడియేటు మొదటి సంవత్సరమున చేరినవారిని హాజరుపట్టీలోని వరుసను బట్టి ఎ, బి అని రెండుగా చీల్చుదుము. దసరా సెలవులు రాకమునుపే ఎ సెక్షనువారికి "బి సెక్షనువారు అల్లరివారు" అనియు, బి సెక్షనువారికి "ఎ సెక్షనువారు గర్విష్ఠులు" అనియు తెలిసిపోవును. హాజరుపట్టీలో ఒక్క పేరు ముందు వెనుకలైనచో తాను అవతలివాడై యుండునని వారికి తోచదు. నవ్వు అక్కడ కొంత తగ్గును.

దీనికి కారణమేమి? టాజ్‌ఫెల్, అతని శిష్యుడు జాన్ టర్నర్ 1979లో ఒక సిద్ధాంతము ప్రతిపాదించిరి. "నేనెవడను?" అను ప్రశ్నకు మనమిచ్చు జవాబులో కొంతభాగము మన గుంపులు. ఊరు, వృత్తి, కులము, కళాశాల, అభిమాన నటుడు, ఇవియన్నియు అందులో చేరును. మన గుంపు ఇతరులకంటె మెరుగైనచో మనకును కొంత మెరుపు అంటుకొనును. అందుచేత మెరుగు చూపు పోలికలను మనసు వెదకుచుండును, దొరకనిచో కల్పించుకొనును.

ఇంతటితో మానవుడు పుట్టుకతోనే పరద్వేషి అని తీర్మానించువారున్నారు. అది తొందరపాటు. మార్లిన్ బ్రూవర్ అను అమెరికా శాస్త్రజ్ఞురాలు ఈ ప్రయోగములను పరిశీలించి ఒక భేదము చూపినది. మనవారిని ఎక్కువగా ప్రేమించుట వేరు, పరాయివారిని ద్వేషించుట వేరు. మొదటిదానినుండి రెండవది తనంత తాను రాదు. 1990 తరువాత జర్మనీలో అమెలీ మ్యుమ్మెండే జరిపిన ప్రయోగములు దీనికి బలము చేకూర్చినవి. డబ్బునకు బదులు చెవికి బాధ కలిగించు ధ్వనివంటి కష్టములను పంచుమన్నప్పుడు, ఇట్టి బోలు గుంపులలో పక్షపాతము సామాన్యముగా కానరాలేదు. మనవానికి ఒక లడ్డు ఎక్కువ పెట్టువాడు పరాయివానిని ఒక దెబ్బ ఎక్కువ కొట్టుటకు వెనుదీయును. కొట్టవలెనన్నచో భయమో, అవమానమో, ఎవరైనను పనిగట్టుకొని చేసిన ప్రచారమో తోడు కావలెను.

ఈ "ఎవరైనను" అన్న మాటకు షెరీఫ్ ప్రయోగములోనే ఒక చేదు నిదర్శనము ఉన్నది. 1954కు ముందటి సంవత్సరము న్యూయార్కు రాష్ట్రమున అతడే ఇట్టి శిబిరము నొకటి నడిపి, మధ్యలో విడిచిపెట్టెను. అక్కడ బాలురు జట్లుగా విడిపోకముందే కొన్నాళ్ళు కలిసి ఉండి స్నేహితులైరి. వారిలో తగవు పుట్టించుటకై శిబిరమువారు రహస్యముగా వస్తువులు పాడుచేసి, నింద ఎదుటి జట్టుమీదికి పోవునట్లు చూచిరి. బాలురు విచారించుకొని, ఒకరినొకరు నమ్మి, ఇది పెద్దల పనియేనని గ్రహించిరి! ఈ కథను జీనా పెర్రీ అను రచయిత్రి పాత కాగితములు వెదకి 2018లో విపులముగా ప్రకటించినది. పిల్లలకును తల్లిదండ్రులకును చెప్పక ఇట్టి పనులు చేయుటను నేటి పరిశోధన నియమములు అంగీకరింపవు, అది సబబే. అయినను శాస్త్రదృష్టితో చూచినచో, ఆగిపోయిన ఆ శిబిరము మనకు జయప్రదమైన శిబిరమంత విలువైన పాఠము చెప్పుచున్నది. ముందుగా ఏర్పడిన స్నేహము నిప్పు పెట్టువారి ప్రయత్నమును ఆర్పివేసినది.

ఇక వైరము ఒకసారి వచ్చిన తరువాత పోవు మార్గమేది? రాబర్స్ కేవ్ మూడవ వారమున షెరీఫ్ మొదట రెండు జట్లను ఊరక ఒకచోట చేర్చి చూచెను. కలిసి భోజనము, కలిసి సినిమా. ఫలితము, అన్నము ముద్దలు ఒకరిపై నొకరు విసరుకొనుట. అప్పుడు మార్గము మార్చిరి. శిబిరమునకు నీరు వచ్చు ఏర్పాటు చెడినది. రెండు జట్లును కలిసి వెదకినగాని లోపము దొరకలేదు. ఒక సినిమా తెప్పించుటకు ఏ ఒక్క జట్టు సొమ్మును చాలలేదు. భోజనము తేవలసిన లారీ కదలలేదు. తాడులాగుడు పోటీకి వాడిన తాడునే దానికి కట్టి అందరును ఒకేవైపు లాగిరి. ఒక్క పనితో మార్పు రాలేదు. పని కాగానే మరల తిట్టుకొనిరి. నాలుగైదు పనులు గడచిన తరువాత మార్పు కానవచ్చెను. స్నేహితుల పేర్లు చెప్పుమన్నప్పుడు ఎదుటి జట్టువారిని పేర్కొనుట రాట్లర్సులో నూటికి 6 నుండి 36కును, ఈగిల్సులో 7 నుండి 23కును పెరిగినది. తిరుగుప్రయాణమున అందరును ఒకే బస్సు కావలెనని కోరిరి. దారిలో రాట్లర్సు తాము గెలిచిన అయిదు డాలర్లతో అందరికిని పానీయములు కొనిపెట్టిరి.

ఆ 1954లోనే గోర్డన్ ఆల్‌పోర్టు అను ఆచార్యుడు, కలయిక వలన మేలు కలుగవలెనన్నచో సమాన స్థానము, ఉమ్మడి లక్ష్యము, సహకారము, పెద్దల ఆమోదము ఉండవలెనని వ్రాసెను. 2006 నాటికి ఈ విషయముపై జరిగిన 515 పరిశోధనలను పెటిగ్రూ, ట్రాప్ కలిపి చూచి, నూటికి 94 సందర్భములలో కలయిక ఎక్కువైనకొలది ద్వేషము తక్కువగా ఉన్నదనిరి. అయితే వీనిలో కట్టుదిట్టమైనవి తక్కువ. 2019లో మరికొందరు కఠినముగా జల్లెడపట్టగా 27 మాత్రమే మిగిలినవి. ఇట్టి కట్టుదిట్టమైన ప్రయోగమొకటి మన దేశముననే జరిగినది. ఉత్తరప్రదేశ్‌లో మాట్ లోవ్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు వేర్వేరు కులముల యువకులతో క్రికెట్టు పోటీలు నడిపెను. ఎవరు ఏ జట్టులో చేరవలెనో చీట్లవలె నిర్ణయించిరి. 2021లో ప్రకటించిన ఫలితము చూడుడు. ఇతర కులములవారు తన జట్టులో ఉండి కలిసి ఆడినచో కులాంతర స్నేహములు పెరిగినవి, స్వకులాభిమానము తగ్గినది. ఇతర కులమువారు ఎదుటి జట్టులో మాత్రమే తారసిల్లినచో మేలు కలుగకపోగా కొంత చెరుపే కలిగినది. గ్రామమున యువజన సంఘములవారు పోటీలు పెట్టునప్పుడు వీధికొక జట్టు చొప్పున వేయుట తేలికయే. ఆ వీధులు కులములవారీగా ఉన్న ఊరిలో అది ఏ రకమైన కలయిక అగునో ఆలోచింపవలెను.

ఉపాధ్యాయులకు పనికివచ్చు పద్ధతి యొకటి ఇలియట్ ఆరన్‌సన్ 1971లో టెక్సాసు రాష్ట్రములోని ఆస్టిన్ నగరమున ప్రారంభించెను. అక్కడి బడులలో తెల్లవారి పిల్లలు, నల్లవారి పిల్లలు, మెక్సికో సంతతివారు క్రొత్తగా ఒక తరగతిలో చేరి కొట్లాడుకొనుచుండిరి. అతడు ఉపన్యాసములు ఇప్పించలేదు. పాఠమును ముక్కలు చేసెను. మన బడిలో కృష్ణానది పాఠమైనచో ఇట్లు చేయవచ్చును. అయిదుగురేసి పిల్లలను, అన్ని బస్తీలవారును కలియునట్లు, ఒక్కొక్క జట్టుగా కూర్చవలెను. ఒకనికి మహాబలేశ్వరమున నది పుట్టుకను గూర్చిన కాగితము, ఒకనికి భీమ, తుంగభద్ర మొదలగు ఉపనదులు, ఒకనికి శ్రీశైలము, నాగార్జునసాగరము, ఒకనికి విజయవాడ బ్యారేజి, ఒకనికి హంసలదీవి వద్ద సముద్రసంగమము. ఎవని భాగము వాడే మిగిలినవారికి చెప్పవలెను. ఆ కాగితము ఇతరులకు ఇయ్యరాదు. పరీక్ష మాత్రము పాఠమంతటిమీద ఉండును. మొదటి కొద్దిరోజులు గోల తప్పదు. మాట తడబడు పిల్లవానిని వెక్కిరింతురు కూడ. కాని వెక్కిరించినచో వాడు నోరు మూసికొనును, వాని భాగము తమకు రాదు, పరీక్షలో ఆ ప్రశ్నలు పోవును. ఇది గ్రహించిన తరువాత ఆస్టిన్ పిల్లలు వెక్కిరించుట మాని, తడబడు తోటివానిచేత చెప్పించుటకు ఓపికగా చిన్న చిన్న ప్రశ్నలు వేయుట నేర్చుకొనిరి.